అరకు దారిలో నా జోడీ

1997 డిసెంబరు. శృంగవరపుకోటకు నాలుగైదు మైళ్ళ దూరంలో ఉన్న ఒక హైస్కూల్లో నేను సోషల్ టీచర్ని. ఎనిమిదో తరగతి పిల్లల్ని ఏటా అరకు తీసుకెళ్ళే పని నా మెడకు చుట్టుకుని అప్పటికి ఆరేళ్ళు. మెడకు చుట్టుకుందని పైకి అనేదాన్నే గానీ, ఆ పని ఇంకొకరికి అప్పగిస్తామంటే మాత్రం ఒంటికాలి మీద లేచేదాన్ని. మా స్కూలు మేడ మీద నిలబడితే కొండలు కనిపిస్తాయి. పొద్దున్న నీలంగా ఉంటాయి, మధ్యాహ్నానికి బూడిద రంగుకు తిరుగుతాయి, సాయంత్రమయ్యేసరికి మబ్బేదో కొండేదో తెలియదు. మా పిల్లలు పుట్టినప్పటి నుంచీ వాటిని చూస్తూనే ఉన్నారు. "అక్కడ మనుషులుంటారా టీచర్?" అని అడిగినవాడు కూడా ఉన్నాడు. రాజుల పేర్లు వల్లె వేయించి వేయించి విసుగెత్తిన నాకు, ఊరి నడుమ రాళ్ళ మీద కూర్చుని తమ తగవులు తామే తీర్చుకున్న ఊళ్ళు మన నెత్తిమీదే ఉన్నాయని పిల్లలకు చూపించాలని పట్టుదల.

స్కూల్ ట్రిప్ అంటే పాటలు పాడుకుంటూ పోయి రావడమని అందరూ అనుకుంటారు. పాడేది పిల్లలు. మనకు నెల ముందే మొదలవుతుంది. మొదట రెక్కీ, అంటే మనం ఒక్కరమే ముందుగా వెళ్ళి చూసి రావడం. మంచినీళ్ళు ఎక్కడ దొరుకుతాయి, ఆడపిల్లలకు దొడ్డి ఎక్కడ, ఘాట్ రోడ్డులో ఏ మలుపు దగ్గర వాంతులు మొదలవుతాయి, ఇవన్నీ రాసుకోవాలి. తరవాత ఐటినరరీ, అంటే గంట గంటకూ ఎక్కడ ఉంటామో రాసిన కాగితం. ఆ కాగితం నాకు వేదం. తరవాత కన్సెంట్ లెటర్లు, పిల్లల్ని పంపడం మాకు ఇష్టమేనని తల్లిదండ్రులు సంతకం పెట్టే ఉత్తరాలు. అన్నిటికంటే ముఖ్యం హెడ్ కౌంట్. బస్సెక్కే ముందూ దిగిన తరవాతా తలలు లెక్కపెట్టడం. లెక్క సులువుగా ఉండాలని ఆ ఏడు నేనొక కొత్త తెలివి చూపించాను. చలికాలంలో విజయనగరంలో పేవ్‌మెంటు మీద స్వెటర్లు అమ్ముకునేవాళ్ళ దగ్గర బేరమాడి, పిల్లలందరికీ ఒకే రకం మెరూన్ స్వెటరు, మెరూన్ మంకీ క్యాపు కొనిపించాను. ఎంత పొగమంచులోనైనా మెరూన్ కనబడితే మన పిల్లే. హెడ్మాస్టరు గారు స్టాఫ్ రూములో అందరి ముందూ మెచ్చుకుంటే రెండు రోజులు నేల మీద నడవలేదు నేను.

ఇక జోడీ. ప్రతి పిల్లకీ ఒక జోడీ ఉంటుంది. రైల్లో పక్కన కూర్చోవాలి, నడిచేటప్పుడు చెయ్యి పట్టుకోవాలి, జోడీ కనబడకపోతే ఆ క్షణమే గట్టిగా అరవాలి. నలభై ఆరుగురు పిల్లలు, ఇరవైమూడు జోడీలు. బయల్దేరే ముందు రోజు ఒక పిల్లకు జ్వరం వచ్చి ఆగిపోయింది. ఆ పిల్ల జోడీ అప్పలనరసమ్మ ఒంటరిగా మిగిలిపోయింది.

నరసమ్మ సెప్టెంబరులో మా స్కూల్లో చేరింది. అప్పటికే బెంచీలన్నీ జతలైపోయాయి. తండ్రి పోయాక తల్లి ముత్యాలమ్మ జనపనార మిల్లులో పని వెతుక్కుని ఈ ఊరు వచ్చింది. పొడుగాటి పిల్ల, మాట తక్కువ, నవ్వు అసలే లేదు. తల్లి మొదట సంతకం పెట్టనంది. నేనే వాళ్ళ ఇంటికి వెళ్ళాను. షిఫ్టు దిగి వచ్చిందేమో, జుట్టు నిండా నార పీచులు.

"ఈ గుంట తప్ప నాకెవులున్నారు టీచరుగారూ? కొండలట, సొరంగాలట. నాను పంపను" అంది.

"నాతో పాటే ఉంటుంది ముత్యాలమ్మా. నా జోడీ నీ కూతురే. నా చెయ్యి వదలదు, సరేనా?"

ఆవిడ నా మొహంలోకి చాలాసేపు చూసింది. తరవాత వేలిముద్ర వేసి, కూతురి చెయ్యి పట్టుకుని నా చేతిలో పెట్టింది. "నీకు అప్పగిస్తన్నాను. నువ్వే తెచ్చి నాకు అప్పగించాల" అంది. నేను నవ్వి, అలాగే అన్నాను. అంత తేలిగ్గా అన్న మాట నా జీవితంలో ఇంకొకటి లేదు.

కిరండూల్ పాసింజరు రైలు కొండెక్కుతుంటే కాలం కూడా నెమ్మదిస్తుంది. బొడ్డవర దాటగానే చేలు కిందికి జారిపోతాయి. తాటిచెట్లు అగ్గిపుల్లలంత అవుతాయి. మనం ఉండే ఊరు, స్కూలు, మార్కులు, తిట్లు అన్నీ కింద ఎక్కడో పొగలో ఉండిపోతాయి. సొరంగం రాగానే పిల్లలు ఒక్క పెట్టున కేకలు, సొరంగం అవతల ఒక్క క్షణం ఎండ, ఒక జలపాతం, మళ్ళీ చీకటి. అది పగలో రాత్రో, మేలుకునున్నామో కలగంటున్నామో తెలియని ప్రయాణం. ఆరుసార్లు వెళ్ళినా నాకు ప్రతిసారీ అలాగే ఉంటుంది. ఒక సొరంగంలో నరసమ్మ నా చీర చెంగు పట్టుకుంది. వెలుగులోకి వచ్చాక మెల్లిగా అడిగింది.

"టీచర్, ఇన్ని కంతలు పెడితే కొండకి నొప్పెట్టదా?"

ఏదో చెప్పబోయాను. అంతలో అవతలి కంపార్ట్‌మెంటులో ఎవడో వాంతి చేసుకున్నాడని పిలుపొచ్చింది. లేచి వెళ్ళాను. మళ్ళీ ఆ సీటు దగ్గరికి వచ్చేసరికి అరకు వచ్చేసింది.

ఆ రాత్రి అరకులో ఒక హాస్టల్లో పడుకున్నాం. మర్నాటికి ముసురు పట్టింది. బంగాళాఖాతంలో అల్పపీడనమట. లోయంతా తెల్లగా మూసుకుపోయింది. వలిసె చేలు పూత మీద ఉన్న రోజులు. పొగమంచులో ఆ పసుపు ఒక్కోచోట పైకి తేలి, మళ్ళీ మునిగిపోయేది. మమ్మల్ని తిరిగి కొండ దింపడానికి కింద నుంచి వచ్చిన బస్సులో, అరకు నుంచి ఏడెనిమిది కిలోమీటర్లు వెళ్ళి, రోడ్డు పక్కన ఆపి, కాఫీ తోట గుండా అరమైలు నడిచి ఒక ఊరు చేరాం. ఇరవై ఇళ్ళు. ఎర్రమట్టి పూసిన అరుగులు. ఊరి నడుమ పెద్ద చెట్టు కింద పలకల్లాంటి రాళ్ళు, తరతరాలుగా కూర్చుని కూర్చుని నునుపు తేలినవి. రెక్కీలో ఆ ఊరి నాయుడితో, అంటే ఊరిపెద్దతో, మాట్లాడి మధ్యాహ్నం భోజనం కుదుర్చుకున్నాను.

ఆ రాళ్ళ పక్కన నిలబడి అరగంట ఉపన్యాసం దంచాను. ఇక్కడ పోలీసు లేడు, కోర్టు లేదు, పెద్దలు ఈ రాళ్ళ మీద కూర్చుని రెండు వైపులా విని న్యాయం చెప్పేవారు, రాయి మీద కూర్చుని ఎవరూ అబద్ధమాడరు. నాయుడు చుట్ట కాలుస్తూ విన్నాడు. మా పిల్లలు కోళ్ళ వైపు చూశారు. ఊళ్ళో పిల్లలు మా మెరూన్ స్వెటర్ల వైపు చూశారు. వాళ్ళలో ఒక పిల్ల, నరసమ్మంత పొడుగు, నరసమ్మనే చూస్తోంది. భోజనాలప్పుడు వాళ్ళిద్దరూ పనసచెట్టు కింద కూర్చుని ఉండటం నేను చూశాను. నరసమ్మ ఏదో చెబుతోంది! ఈ పిల్లకు ఇన్ని మాటలు వచ్చా అనుకున్నాను. హమ్మయ్య, కాసేపు నా వెంట పడదు అని కూడా అనుకున్నాను. ఇన్నేళ్ళ తరవాత ఇది రాయడానికి సిగ్గుగానే ఉంది.

ఐటినరరీ ప్రకారం ఒంటిగంటకు బయల్దేరాలి, రెండున్నరకు బొర్రా గుహలు. ఒంటిగంటా పది అయింది. "బేగి పదండి, బేగి!" అని అరుస్తున్నాను. జోడీలు చేతులు పట్టుకుని వరసలో నిలబడ్డాయి. మా డ్రిల్ మాస్టారు సత్యం గారు ఆ చివర నుంచి, నేను ఈ చివర నుంచి లెక్కపెట్టాం. పొగమంచులో మెరూన్ టోపీలు ఒక్కొక్కటీ కదిలాయి. నలభై ఐదు. ఆయనకూ నలభై ఐదే. మళ్ళీ బస్సు మెట్టు దగ్గర నలభై ఐదు. కాగితం మీద టిక్కు పెట్టాను. ఏ జోడీ కూడా అరవలేదు.

బస్సు అనంతగిరి వైపు దిగుతోంది. పావుగంటయ్యాక నేను నా సీట్లో కూలబడ్డాను. పక్క సీట్లో నా బ్యాగుంది. అప్పుడు గుర్తొచ్చింది, అది నా జోడీ సీటు కదా అని.

"నరసమ్మా, ఇలా వచ్చి కూర్చో" అని వెనక్కి కేకేశాను.

వెనక నుంచి ఒక మెరూన్ స్వెటరు లేచింది. సీట్ల కమ్మీలు పట్టుకుని, బస్సు ఊగినప్పుడల్లా ఆగుతూ, జాగ్రత్తగా వచ్చి నా పక్కన కూర్చుంది. టోపీ గడ్డం దాకా దిగి ఉంది.

"అన్నం తిన్నావా?"

తలూపింది.

"కడుపులో తిప్పుతోందా?"

అడ్డంగా ఊపింది. నేను నారింజ పండు తీద్దామని బ్యాగు కోసం వంగాను. ఎదురుగా రెండు పాదాలు. చెప్పుల్లేవు. మడమల దాకా ఎర్రమట్టి. కాలికి కడియం. నేను కొనిపించిన టోపీని నేనే పైకి లాగాను. పనసచెట్టు కింది పిల్ల! నన్ను చూసి నవ్వింది.

"ఎవరు నువ్వు?"

"సుక్రి."

"నరసమ్మ ఏదీ?"

"నేస్తం మా ఇంటికాడ ఉంది. అమ్మ అన్నం పెడతాది. నానొచ్చేదాకా నా జాగాలో నువ్వుండు అంది. ఉన్నాను."

నా పై ప్రాణాలు పైనే పోయాయి. బస్సంతా గొల్లుమని నవ్వి, నా మొహం చూసి ఒక్కసారిగా ఆగిపోయింది. సత్యం మాస్టారు లేచి నిలబడి, "అదేంటండీ, రెండుసార్లు లెక్కపెట్టాం కదా, నలభై ఐదు వచ్చింది కదా!" అంటున్నారు.

"తలలే కదండీ లెక్కపెట్టాం! మొహాలు చూశామా మీరూ నేనూ?" అని ఆయన మీద విరుచుకుపడ్డాను. పాపం, ఆయన తప్పేముంది! నలభై నాలుగు మందికీ జోడీలున్నాయి. ఒక్కరు తప్పిపోయినా ఇంకొకరు అరిచేవారు. నరసమ్మ కోసం అరవాల్సింది నేను.

"బండి వెనక్కి తిప్పు బాబూ" అన్నాను.

"ఇక్కడ తిప్పనానికి లేదమ్మా. రెండు కిలోమీటర్లు దిగితే జాగా ఉంది" అన్నాడు డ్రైవరు.

ఆ రెండు కిలోమీటర్లూ నేను ఆ పిల్లకు ఇంకా ఇంకా దూరంగా దిగిపోవడమే. ముత్యాలమ్మ జుట్టులోని నార పీచులు కళ్ళ ముందు కనబడుతున్నాయి. 'నువ్వే తెచ్చి నాకు అప్పగించాల.' ఆ పిల్ల మాకోసం రోడ్డు మీదకు వచ్చి, బస్సు లేదని చూసి, ఈ పొగమంచులో ఏ దారి పట్టి ఉంటుంది? ఒక పక్క కొండ, ఒక పక్క లోయ. ఇంకో సంగతి కూడా తట్టింది. ఆ ఊరి ఆడపిల్లను మేము బస్సెక్కించుకుని వచ్చేశాం. వాళ్ళేమనుకుంటారు? సుక్రికి మాత్రం ఏ బెంగా లేదు. కిటికీ అద్దం మీద వేలితో గీతలు గీసుకుంటోంది.

"నేస్తం వాళ్ళ ఊరు ఇంకా ఎంత దూరం?" అని అడిగింది.

"నువ్వు అక్కడికి వెళ్దామనుకున్నావా?"

"మరి? మా అమ్మ సేతి అన్నం నేస్తం తింటాది. నేస్తం అమ్మ సేతిది నాను తినొద్దా?"

బస్సు వెనక్కి తిరిగి వచ్చి ఆ ఊరి దారి దగ్గర ఆగగానే పిల్లల్ని సత్యం మాస్టారికి అప్పగించి దిగేశాను. కాఫీ తోటలోకి వెళ్ళేసరికి పది అడుగుల అవతల ఏమీ కనబడటం లేదు. సిల్వర్ ఓక్ చెట్లు ఒక్కొక్కటీ పొగలోంచి పుట్టుకొస్తున్నాయి, వెనక పొగలో కలిసిపోతున్నాయి. ఎర్రటి కాఫీ పళ్ళ మీద నీటి బొట్లు. ఎక్కడో గంట చప్పుడు, పశువు మెడదేమో. నేను పరుగు లాంటి నడక నడుస్తున్నాను. వేరు తగిలి బోర్లా పడబోతే సుక్రి నా చెయ్యి పట్టుకుంది, మళ్ళీ వదల్లేదు. ఆ అరమైలూ నాకు జోడీ ఆ పిల్లే. ఎంత భయపడ్డానో అంత భయంలోనూ ఆ చేతి వెచ్చదనం ఇప్పటికీ గుర్తుంది నాకు.

ఊరి చివరి ఇల్లు. గుమ్మం దగ్గర వంగి లోపలికి చూశాను. పొయ్యి మంట వెలుగులో నరసమ్మ కూర్చుని ఉంది. ఒంటి మీద సుక్రి గళ్ళ బట్ట, భుజం మీద ముడి. అడ్డాకులో సామన్నం, చిక్కుడుగింజల కూర. సుక్రి తల్లి ముద్ద కలిపి నోట్లో పెడుతోంది. నరసమ్మ నోటినిండా అన్నంతో పకపకా నవ్వుతోంది. ఆ పిల్ల నవ్వు వినడం నాకు అదే మొదటిసారి.

సంతోషించాలా? ఒళ్ళు మండిపోయింది. చెయ్యెత్తి మీదికి వెళ్ళాను. సుక్రి తల్లి లేవలేదు, గొంతు కూడా పెంచలేదు. ఎంగిలి చెయ్యి అడ్డం పెట్టింది, అంతే.

"తినీదాన్ని కొట్టకు టీచరమ్మా. తిన్నాక కొట్టుకో."

ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది. అక్కడే గడప మీద కూలబడి, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చేశాను. ఆవిడకు నా ఏడుపు ఎందుకో నిజంగానే అర్థం కాలేదు.

"నీ కూతుర్ని మేం తీసుకుపోయాం. నీకు భయం వెయ్యలేదా?" అని అడిగాను.

"నీ పిల్ల నా ఇంట ఉంది. నా పిల్ల నీ బండిలో ఉంది. భయమేటి?"

నరసమ్మ నోరు కడుక్కుని నా పక్కకు వచ్చి నిలబడింది. నన్ను ఓదార్చాలనుకుందో ఏమో, "టీచర్, కొండకి నొప్పెట్టిందట" అంది. "రైలు కోసం కొండ పేల్సినప్పుడు సుక్రోళ్ళమ్మ సిన్నపిల్లట. దద్దరిల్లిపోయిందట ఊరంతా. పాపం కొండకి ఎంత నొప్పెట్టిందో అనీసి ఊరందరూ కోడిని కోసి మొక్కినారట. సుక్రి సెప్తే, ఆళ్ళమ్మనడుగుదామని వొచ్చాను."

నన్నడిగిన ప్రశ్నే అది. నేను జవాబు చెప్పకుండా లేచి వెళ్ళిపోయాను. ఆ పిల్ల జవాబు దొరికే చోటికి నడిచి వెళ్ళింది.

బయటికి వచ్చేసరికి రాళ్ళ దగ్గర జనం ఉన్నారు. బస్సులో కూర్చోలేక మా పిల్లలు కూడా సత్యం మాస్టారితో వచ్చేశారు. నాయుడు ఒక రాయి చూపించాడు.

"టీచరమ్మా, పొద్దుట ఈ రాళ్ళ గురించి పిల్లలకి శానా సెప్పినావు. ఇప్పుడు కూకో."

కూర్చున్నాను. రాయి మంచులా ఉంది.

"నీ పిల్ల తప్పిపోనాదా, నువ్వు వొదిలీసి ఎళిపోనావా?"

నలభై నాలుగు మంది పిల్లలు నా నోటి వైపే చూస్తున్నారు. రాయి మీద కూర్చుని ఎవరూ అబద్ధమాడరని పొద్దున్న చెప్పింది నేనే కదా! చెప్పకుండా వెళ్ళిందనో, పొగమంచనో, లెక్క సరిపోయిందనో ఏదో ఒకటి అనబోయాను.

"నేనే వదిలేసి వెళ్ళాను" అన్నాను. "తను నా జోడీ. నేను పేరు పెట్టి పిలవలేదు."

నాయుడు తలపంకించాడు. "నేస్తం కట్టుకోడానికి బట్టలు మార్సుకుంటే సాలదు. రెండిళ్ళ తల్లులు కూకోవాల. ఈ పిల్ల తల్లి రాలేదు. తల్లి నీకే కదా అప్పగించింది? తల్లి జాగాలో నువ్వు కూకో. అదే నీ తప్పుకి దండుగ" అన్నాడు.

అలా నేను, ముప్ఫై ఎనిమిదేళ్ళ సోషల్ టీచర్ని, ముత్యాలమ్మ బదులు ఆ రాతి మీద కూర్చుని నేస్తం కట్టించాను. పిల్లలిద్దరూ ఒకరి నోట్లో ఒకరు బెల్లం ముక్క పెట్టుకున్నారు. ఇక మీదట ఒకరినొకరు పేరుతో పిలవకూడదు, నేస్తం అనే పిలవాలి. ఒకరింట పెళ్ళికీ చావుకీ రెండో ఇల్లు కదలాలి. నేను నా శాలువా తీసి సుక్రి తల్లికి కప్పాను. ఆవిడ అడ్డాకులో పిప్పళ్ళు పొట్లం కట్టి నాకిచ్చింది. మా పిల్లల్లో గుసగుసలు లేవు, కోళ్ళ వైపు చూసినవాళ్ళు లేరు. నా ఆరేళ్ళ పాఠాల్లో అంత నిశ్శబ్దంగా విన్న పాఠం లేదు. గుహలు చూడలేదు ఆ ఏడు. నా వేదం లాంటి కాగితం ముసురుకు నాని చేతిలోనే ముద్దయిపోయింది.

కొండ దిగుతున్నంతసేపూ నరసమ్మ నా పక్కనే కూర్చుని, సుక్రి బట్టలోనే, నా భుజం మీద తలపెట్టి నిద్రపోయింది. స్వెటరు కొండ మీదే ఉండిపోయింది. ముత్యాలమ్మకు ఏమని చెప్పాలి? ఏమీ చెప్పకుండా దాటేద్దామా అని కూడా అనిపించింది. చెప్పుకుంటేనే మంచిదని మర్నాడు పొద్దున్నే వెళ్ళి మొత్తం చెప్పాను. ఆవిడ వింటూ వింటూ నార పీచు ఒకటి వేళ్ళతో నలుపుతూ కూర్చుంది. నన్ను తిట్టి పోస్తుందనుకున్నాను.

"సామన్నం పెట్టినారా?" అంది చివరికి.

"సామన్నం, చిక్కుడుగింజలు."

"మా అమ్మకీ ఉండీది నేస్తం. కొండ మనిసే. సంతకి దిగినప్పుడల్లా మా ఇంటికొచ్చి, నన్నొళ్ళో కూకోబెట్టుకునీది. అమ్మ పోయినాక ఆళ్ళూ రాలేదు, మేమూ ఎళ్ళలేదు." కళ్ళు తుడుచుకుంది. వెంటనే నా వైపు తిరిగి, "అదలాగుంచు. నా గుంటని వొదిలీసి ఎళిపోనావు కదా టీచరుగారూ! ఇంకోపాలి అలా సేత్తే నాను వూరుకోను" అంది. అనాల్సిన మాటే.

ఆ వేసవిలో సుక్రీ, వాళ్ళమ్మా సంతకు దిగి, ముత్యాలమ్మ చేతి అన్నం తిని వెళ్ళారు. నా పాఠ్యపుస్తకంలో కొండకూ మైదానానికీ మధ్య గీత ఒకటే ఉంది. ఆ గీతకు అటూ ఇటూ నేస్తాలు నడిచిన దారులున్నాయని నాకు చెప్పింది మిల్లులో పనిచేసే ముత్యాలమ్మ.

ఆ తరవాత పదకొండేళ్ళు ట్రిప్పు నేనే తీసుకెళ్ళాను. స్వెటర్లు ఎవరింట్లో ఉన్నవి వాళ్ళు వేసుకోమన్నాను. తలలు లెక్కపెట్టడం మానేశాను. ఆలస్యమైనా సరే, వాన పడుతున్నా సరే, ఒక్కొక్కరి పేరు పిలిచేదాన్ని, మొహం చూసేదాన్ని, జవాబు వినేదాన్ని, తరవాతే బస్సు కదిలేది. ఐటినరరీలో ప్రతి పూటకూ అరగంట ఖాళీ వదిలేదాన్ని, పిల్లలు అడిగేవాటికి. కొత్తగా వచ్చిన టీచర్లు ఈ పని నేర్పమంటే నేను చెప్పేది ఒకటే. ప్లాను మన భయం తగ్గించడానికి వేసుకుంటాం, మంచిదే, కానీ లెక్క సరిపోయిందంటే పిల్లలందరూ ఉన్నట్టు కాదు. ఏ జోడీ లేని పిల్ల ఎవరో ముందు వెతికి పట్టుకోండి. ఆ పిల్లకు జోడీ మీరైతే మాత్రం ఆ పని ఒప్పుకున్నాక మరిచిపోకండి.

2008 డిసెంబరులో నా చివరి ట్రిప్పు. మోకాళ్ళు మొరాయిస్తున్నాయి, ఇక చాలనుకున్నాను. అదే ఊరు, అదే రాళ్ళు, ఆ రోజు కూడా మబ్బు కిందికి దిగి ఉంది. బయల్దేరే ముందు రాతి మీద కూర్చుని పేర్లు పిలిచాను. ముప్ఫై ఎనిమిది మందీ పలికారు. రిజిస్టరు మూస్తున్నాను.

"ఇంకొకలున్నారు టీచర్" అన్నారెవరో.

చూస్తే పొగమంచులో ఇద్దరు ఆడవాళ్ళు. ఒకరు సుక్రి. చంకలో రెండు నెలల పసిదాన్ని చుట్టుకుని ఉంది. చుట్టింది వెలిసిపోయిన మెరూన్ స్వెటరు. రెండోది పొడుగాటి మనిషి, బట్టల సంచీ భుజాన వేసుకుని. నేస్తం పురుడు పోసుకుందని మా ఊరి నుంచి చీరె, పసుపు పట్టుకొచ్చిందట. ఇప్పుడు మిల్లు దగ్గర టైలరింగ్ షాపు పెట్టుకుంది. వచ్చి మా పిల్లల వరసలో చివరన బుద్ధిగా నిలబడింది. నవ్వడం లేదు. ఎదురుచూస్తోంది.

నాకు తెలిసింది. రిజిస్టరు మళ్ళీ తెరిచాను. ఆ పేజీలో లేని పేరు, పదకొండేళ్ళ కిందట ఇక్కడే పిలవాల్సిన పేరు, ఆ మొహంలోకి చూసి పిలిచాను.

"అప్పలనరసమ్మ."

"ప్రెజెంట్ టీచర్."